గోమాళలో గడ్డి చచ్చిన ఏడాది

ఇన్నేళ్ళలో నామీద ఎవరికీ అనుమానం రాలేదు. నన్ను తినేస్తున్నది అదే. ఎవరైనా ఒక్కసారి నిలదీసి ఉంటే, ఏడ్చో పోట్లాడో ఎప్పుడో ఈ బరువు దించుకునేదాన్ని. ఎవరూ అడగలేదు. అందుకే అందరి చూపుల్లోనూ ఆ అనుమానాన్ని నేనే వెతుక్కుంటూ బతికాను. ఈమెకు తెలుసా? ఆయన నన్ను చూసి ఎందుకు నవ్వాడు? మీరు నా ముఖం ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

సర్జాపుర దగ్గర మాది చామంతి తోట. తొంభైల చివర్లో బెంగళూరు మార్కెట్టు పిచ్చిలో పడి రాగి పంట మానేశాం, గట్లు కూడా దున్నేసి పూలు పెట్టాం. తోట పక్కనే గోమాళ, అంటే ఊరి పశువులన్నీ మేసే గడ్డిబయలు. ఆ ఏడాది మొగ్గల్లో పురుగు పడింది. ఎంత మందు కొట్టినా తగ్గలేదు. నా అనుమానం గడ్డి మీదికి పోయింది. పురుగులన్నీ అక్కడ కాపురం పెట్టి, నా తోటకు భోజనానికి వస్తున్నాయనిపించింది. గొర్రెల వెంకటప్ప మందను ఆనేకల్ వైపు తోలుకెళ్ళిన రోజుల్లో, నేనే డబ్బా వీపుకు తగిలించుకుని కలుపు మందు కొట్టాను. తోట పక్కన కాస్త చాలనుకున్నాను. కొడుతూ కొడుతూ గోమాళ అవతలి కొసనున్న కుంట దాకా పోయాను. గడ్డి మీద నాకంత కోపం ఎందుకొచ్చింది?

వెంకటప్ప తిరిగొచ్చేసరికి గడ్డి పసుపుబారింది. తర్వాత నేల బోడిదైంది. వానకు మట్టి కొట్టుకొచ్చి కుంట పూడిపోయింది. గడ్డిపూల మీద ముసిరే తేనెటీగలు కనబడలేదు, ఊరి అనపచేలల్లో కాయ పలచబడింది. పురుగేమో ఇంకా పెరిగింది. దాన్ని ఏరుకు తినే పిట్టలు గూళ్ళు పెట్టుకునేది ఆ గడ్డిలోనే అని అప్పుడు తట్టింది నా బుర్రకు.

మేత లేక ఊరంతా మండిపడింది. వెంకటప్ప గొర్రెలే వేరుదాకా కొరికేశాయన్నారు. పంచాయితీ ముందురోజు అతను మా వాకిట్లోకి వచ్చాడు.

"అక్కా, పక్క తోట నీదే. నేను వచ్చేపాటికే గడ్డి ఎండిపోయి ఉండాది, నువ్వు చూసిండావు. రేపు ఆ ఒక్క మాట చెప్పక్కా."

"పొద్దస్తమానం గోమాళనే చూస్తా కూర్చుంటానా నేను? నాకేం తెలీదప్పా."

అతను నా ముఖం వైపు కాసేపు చూసి, "సరేలే అక్కా" అన్నాడు. ఆ 'సరేలే'లో ఏముంది? తెలిసే అన్నాడా? మందు వాసన పట్టాడా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పంచాయితీలో అతన్ని ఇక గోమాళలో అడుగు పెట్టొద్దన్నారు. అతను మందను అమ్మేసి, మారతహళ్ళిలో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. ఊరికి వచ్చినప్పుడల్లా నన్ను పలకరించేవాడు. నేను పొయ్యి మీద ఏదో ఉందని చెప్పి లోపలికి పోయేదాన్ని. గోమాళ ఇప్పుడు లేఅవుట్.

వెంకటప్ప పోయాడని మొన్న తెలిసింది. తెలిశాకే ఇది రాస్తున్నాను. బతికుండగా నోరు ఎందుకు రాలేదు? ఇది పశ్చాత్తాపమా, ఇక అడిగేవాడు లేడన్న ధైర్యమా? నామీద నాకే నమ్మకం లేదు. అయినా చెబుతున్నాను. అతని గొర్రెలు ఏ తప్పూ చేయలేదు. గడ్డిని చంపింది నేను. ఈ మాట రాశాక గుండె కొంచెం తేలికైంది, అందుకూ సిగ్గుగానే ఉంది.