నాయన ఊపిరితిత్తిలో మచ్చ

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, మా నాయన నెలకు పైగా వెనక గదిలోంచి బయటికి రాలేదు.

గోదావరిఖనిలో మాది రెండు గదుల క్వార్టర్. నాయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. దగ్గు తగ్గకపోతే దవాఖానలో ఛాతీ ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి పైభాగాన రేగుపండంత తెల్లటి మచ్చ. డాక్టరమ్మ చూడకముందే, వరసలో నిలబడ్డ తోటి పనివాడొకడు ఆ ఫిల్మును ఎండకు పట్టి, "టీబీ లెక్కనే ఉన్నది" అన్నాడు. నాయన కంటే ముందే ఆ మాట మా వాడకు చేరింది.

నాయన తన కంచం, చెంబు, దుప్పటి తీసుకుని వెనక గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. నేను గడప దగ్గర అన్నం పెట్టి, తలుపు తట్టి, అమ్మ చెప్పినట్టు పది అడుగులు వెనక్కి జరిగాకే తీసేవాడు. తల ఎత్తి నన్ను చూసేవాడు కాదు. బయట ఉన్న మాకూ కదలడానికి చోటు లేదు. పంపు దగ్గర మా బిందెను పక్కకు నెట్టేవారు. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

కొన్నాళ్లకు, అమ్మ డబ్బీలో పట్టుకెళ్లిన తెమడను పరీక్షిస్తే టీబీ లేదని వచ్చింది. అయితే క్యాన్సరే అన్నారు వాడకట్టువాళ్లు. అది విన్నాక నాయన అన్నం ముట్టడం మానేశాడు.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. క్యాన్సర్ కాదని ఒక్క మాట చెప్పమని చేతులు జోడించింది. డాక్టరమ్మ ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి నన్ను పిలిచింది.

"ఇదేంది బిడ్డా?"

"క్యాన్సర్" అన్నాను.

"ఇంకేం కావచ్చు?"

"టీబీ."

"ఇంకా?"

ఆమె నా చేయి పట్టుకుని ఒక్కో వేలూ ముడుస్తూ చెప్పింది. ఎన్నడో వచ్చి మానిపోయిన జబ్బు వదిలిన మచ్చ కావచ్చు. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గు ధూళి గడ్డ కట్టి ఉండవచ్చు. లోపల చేరిన బూజు కావచ్చు, కుక్కల నుంచి వచ్చే పురుగు కట్టిన తిత్తి కావచ్చు, రక్తనాళాల చిక్కు కావచ్చు. క్యాన్సర్ కూడా కావచ్చు. రెండో చేతికి వచ్చేసరికి నవ్వింది. "నాకు సుత అన్నీ యాదికుండవు. అందుకే వేళ్ల మీద లెక్కపెడత."

తర్వాత అమ్మ వైపు తిరిగింది. "అబద్ధం చెప్ప. గానీ వాడకట్టోళ్లు చెప్పింది సుత నిజమని ఎవలకెరుక? ఇంతకుముందెన్నడన్న ఫొటో తీసిన్రా?"

తీశారు, మందమర్రి బాయిలో పనిచేసిన రోజుల్లో. మరునాడు అమ్మా నేనూ బస్సెక్కి వెళ్లి, అక్కడి దవాఖానలో పొద్దంతా బతిమాలి, దుమ్ముపట్టిన కట్టల్లోంచి పాత ఫిల్ము తెచ్చాం. డాక్టరమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచింది. అదే చోట అదే మచ్చ. ఐదేళ్లలో రవ్వంత కూడా పెరగలేదు.

ఆ సాయంత్రమే ఆమె మా ఇంటికి వచ్చి మూసిన తలుపు ముందు నిలబడింది.

"అన్నా, అది ఎప్పటిదో మానిన మచ్చ. దగ్గు బొగ్గు ధూళిది, దానికి మందు వాడాలె. మచ్చను ఆరు నెలలకోసారి సూపిచ్చుకోవాలె. ఇగ బయటికి రా."

గడియ చప్పుడైంది. నాయన వెలుతురుకు కళ్లు చికిలిస్తూ గడప దాటాడు. నా కాళ్లు వాటంతటవే వెనక్కి జరిగాయి. ఆయన అది చూశాడు. అక్కడే కూలబడి ముఖం కప్పుకున్నాడు. అప్పుడు గానీ నేను పరుగెత్తి వెళ్లి ఆయన ఒళ్లో పడలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆ ధూళే ఆయన ఊపిరి తీసింది. ఆ మచ్చ మాత్రం చివరిదాకా పెరగలేదు. నేను ఛాతీ వైద్యం చదివాను, ఈ వయసులోనూ రోగులను చూస్తున్నాను. ఇప్పుడు స్కాన్లు వచ్చాయి, గోరంత మచ్చ కూడా దాగదు. కుర్ర డాక్టర్లు తెర మీద చూపించి ఏదో ఒక పేరు చెబుతారు. నేను మాత్రం బల్ల కింద వేళ్లు ముడుస్తూ, బెదిరిపోయి ఎదురుగా కూర్చున్న మనిషిని అడుగుతాను: "ఇంతకుముందెన్నడన్న ఫొటో తీసిన్రా?"