మేడం కట్టిన ఇసుక కంప్యూటరు

మా లెక్కల మేడం పోయారని మొన్న దువ్వాడలో కాలేజీ బస్సు దిగుతుంటే ఎస్సెమ్మెస్ వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది. పంపింది మా బడి, వన్ టౌన్‌లో ఆవిడ కంప్యూటర్ గదికి తాళం వేసిన బడి. 'పిల్లలకు కంప్యూటర్ విద్యలో వెలుగు చూపిన మహనీయురాలు' అని రాశారు. ఆ వెలుగు ఎవరు ఆర్పారో మాత్రం రాయలేదు.

ఆవిడ చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టారు. స్టాఫ్‌రూంలో ఎంత ఎగతాళి చేసినా తన భాష మార్చుకోలేదు. మా పదో తరగతిలో ఎక్కణ్ణుంచో ఒక కంప్యూటర్ ఆట తెచ్చారు. అందులో గెలవడం, ఓడడం లేవు. తెర మీద గోడలు గీసి ఇసుకో నీళ్లో పోస్తే నిజంగా పడ్డట్టే పడతాయి, గోడకు సందుంటే కారతాయి. మేం పోసి నవ్వుకుని ఊరుకునేవాళ్లం. ఆవిడ దాంతో కూడికలు చేయించారు. ఒక గదిలో పది రేణువులు నిండితే అవి జారిపోయి, పక్క గదిలో ఒకటి పడేది. తర్వాత ఇంటూ సున్నా ఆట కట్టారు. మేం ఒక గడిలో నీళ్లు పోస్తే, ఆ గోడల యంత్రమే ఎత్తు చూసుకుని ఇంకో గడిలో ఇసుక పోసేది. ఇసుక చేతిలో ఓడిపోయి ఉడుక్కున్న రోజులున్నాయి.

పది మందిమి కట్టేవాళ్లం. మనిషికో గోడ, గోడకో రంగు. నాది పచ్చ. ఒకరి గోడ మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు, ఆవిడైనా సరే. ఒకరోజు ఎనిమిదీ అయిదూ పోస్తే పన్నెండే వచ్చింది. కంప్యూటర్ పాతది మేడం, అన్నాను.

"ఒలే, ఇసక తప్పు సెయ్యదు. గోడెక్కడ కారతందో సూడు."

నా పచ్చ గోడ మూలన సందు ఉంది. "మీరే ఒక చుక్క పెట్టేయండి మేడం."

"నానెందుకు పెడతాను? నీ గోడ నువ్వే కట్టుకో."

రేపు కడతానన్నాను.

మర్నాడు ఆవిడ రాకముందే కరస్పాండెంటు గదిలోకి వచ్చి, "ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. చేతులు కట్టుకుని లేచి, "గేమాడుతున్నాం సార్" అన్నాను. లెక్కలు చేసే యంత్రం కడుతున్నామని చెప్పడానికి నోరు రాలేదు.

సాయంత్రానికి తాళం పడింది. కంప్యూటర్లు ఆఫీసుకి వెళ్లాయి, ఆవిడ సుద్దముక్క దగ్గరికి వెళ్లారు. ఒక్కసారి వచ్చి చూడండి సార్, అని ఆవిడ అడిగారట. రెండు నిమిషాల పని. ఆ పెద్దమనిషికి తీరిక లేకపోయింది. నన్ను మాత్రం మేడం ఒక్క మాట అనలేదు. వరండాలో ఎదురైతే, "ఏటే, సందు దొరికిందేటి?" అనేవారు. నేను తల దించుకుని తప్పుకునేదాన్ని.

సంతాప సభలో అదే మనిషి మైకు పట్టుకుని, "ఆటలతోనే పాఠం చెప్పేవారు" అన్నాడు. లేచి కడిగేద్దామనుకున్నాను. లేస్తే ఆ రోజు 'గేమాడుతున్నాం' అన్నదెవరో కూడా చెప్పాలి. కూర్చుండిపోయాను. అన్నది నేనే. అందుకే ఇప్పుడిది రాస్తున్నాను.

సభ అయ్యాక మేడం చెల్లెలు నన్ను ఇంటికి తీసుకెళ్లి పాత కంప్యూటర్‌లో మా ఇసుక ఆట తెరిచి పెట్టింది. "బల్లోంచి అక్క ఇదొక్కటే సీడీలో తెచ్చుకుంది. రోజూ కూడికలు ఏసుకునీది. ఆ పచ్చ గోడ జోలికి మాత్రం ఎల్లొద్దనీది. అదెవలో పిల్లదంట, వొచ్చి కడతాదంట."

ఎనిమిదీ అయిదూ పోశాను. పన్నెండు. మూలన ఒక్క చుక్క పెట్టి మళ్లీ పోశాను. పదమూడు.

నాలుగేళ్ల కూడికల్లో నా గోడలోంచి కారిన ఇసుకను ఆవిడ ఒక్కసారి కూడా తుడవలేదు. తెర అడుగున అది కుప్పగా అలాగే ఉంది.