ప్రమాదాల పుస్తకంలో ఏడో వరుస

ఏడో తరగతి నేను మూడేళ్ళు చదివాను. మాస్టారికి నా మీద ప్రేమ ఎక్కువై వదల్లేదని ఇప్పటికీ చెప్పుకుని తిరుగుతుంటాను. నాలుగో ఏడాది నేనే ఆయన మీద జాలిపడి బడి మానేశాను. లెక్కలు రాలేదు, ఇంగ్లీషు రాలేదు... చేతిరాత ఒక్కటే వచ్చింది. ముత్యాలు పేర్చినట్టు ఉంటుంది. అందుకే నేను అబద్ధం రాసినా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

కానీ ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదు. నా కుడి చేతి మీద ఒట్టు. ఆ చెయ్యి ఇంకా నాకు ఉండడమే గొప్ప, కాబట్టి దాని మీద ఊరికే ఒట్టు పెట్టను.

కొత్తపేట దగ్గర కాలవ గట్టున ఒక పీచు ఫ్యాక్టరీ. నేను అక్కడ పని చేస్తాను. కొబ్బరి డొక్కలు నానబెట్టి మిషన్లో వేస్తే ఒక పక్క పీచు, ఇంకో పక్క పొట్టు పడతాయి. మిషన్ అంటే పెద్ద ఇనప డ్రమ్ము. డ్రమ్ము చుట్టూ జానెడేసి మేకులు. అది తిరుగుతుంటే దాని నోట్లో డొక్క పెట్టాలి. అది మన చేతిలోంచి లాక్కుంటుంది... మెల్లగా కాదు. కసిగా.

పెట్టేవాడి చేతికీ మేకులకీ మధ్య ఇనప జాలీ ఒకటి ఉండాలి. ఉండేది. జాలీకి డొక్కలు అడ్డంపడి పని ఆగిపోతోందని ఏడాది క్రితం మేనేజరు గారు తీసెయ్యమన్నారు. పానా పట్టుకుని నాలుగు బోల్టులూ విప్పింది నేనే. విప్పుతూ, "ఇంత చక్కటి పళ్ళున్నదానికి మూతికి గుడ్డెందుకండీ" అన్నాను. అందరూ నవ్వారు. రోజూ దాని ముందు నిలబడి డొక్కలు పెట్టే సుందర్రావన్నయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో ఎవరికైనా దెబ్బ తగిలితే రాయడానికి ఒక పుస్తకం ఉంటుంది. ప్రమాదాల పుస్తకం. ఎవరికి, ఎప్పుడు, ఎలా తగిలిందో రాసి, చివర దెబ్బ తిన్నవాడి చేత వేలిముద్ర వేయించాలి. మా దగ్గర పద్ధతి వేరు. పనిలో చేరిన రోజునే ఒక ఖాళీ వరుస చూపించి ముద్ర వేయించుకుంటారు. ఒక్కొక్కరికి ఒక వరుస. ముద్ర ముందు, దెబ్బ తర్వాత. దెబ్బ తగిలినవాణ్ణి మళ్ళీ ముద్రకోసం ఇబ్బంది పెట్టడం ఎందుకని.

నింపేది నేను. ఒకరోజు పనిలేక కూర్చున్నప్పుడు 'ఎలా జరిగింది' అన్న గడిలో అందరికీ ఒకేసారి రాసి పెట్టేశాను. 'సొంత అజాగ్రత్త వల్ల.' ఎప్పుడైనా అదే కదా రాసేది, ముందే రాస్తే పని కలిసొస్తుందని. ఆరో వరుస సుందర్రావన్నయ్యది. ఏడోది సత్యవతక్కది. ఎనిమిదోది నాది.

ఆ రోజు సాయంత్రం ఏడు దాటింది. నేను పొట్టు ఎత్తుతున్నాను. మిషన్ చప్పుడు నాకు అలవాటే, నిద్రలో కూడా వినపడుతుంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు మారింది. గర్రుమనేది కాస్తా... టక్... టక్... టక్. చెరుకు గడ విరిచినట్టు.

అవతలి పక్క పీచు పట్టుకునేది సత్యవతక్క. ఆవిడ చేతుల్లోకి పీచు ఎర్రగా వచ్చింది. ఆవిడ అరవలేదు. చేతులు రెండూ ముందుకు చాపి అలాగే నిలబడిపోయింది.

సుందర్రావన్నయ్య కూడా అరవలేదు. మోచేతి దాకా లోపల ఉంది చెయ్యి. నా వైపు తిరిగి, మంచినీళ్ళు అడిగినట్టు మెల్లగా, "ఆపరా రాజబాబూ" అన్నాడు.

పరిగెత్తి మెయిన్ స్విచ్ లాగాను. కరెంటు పోతే డ్రమ్ము వెంటనే ఆగదు. దాని బరువుకి అది ఇంకా తిరుగుతుంది. నేను అన్నయ్య నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నాను, అది ముందుకి లాగుతోంది. ఇద్దరం ఒక మనిషి కోసం కొట్టుకున్నట్టు ఉంది. చివరికి అది వదిలింది. వదిలింది అంటే... తనకి కావలసింది తను ఉంచుకుని మిగతాది నాకిచ్చింది.

ట్రక్కాటోలో ఎక్కించారు. అమలాపురం తీసుకెళ్ళాలి. నా చొక్కా విప్పి ఆ చేతికి చుట్టాను. ఆటో కదిలేముందు మేనేజరు గారు నన్ను పక్కకి పిలిచారు.

"పొద్దున్న పదింటికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడ్రా. పుస్తకం పూర్తి చేసి పెట్టు. లారీ మీంచి జారి పడ్డాడని రాయి. మిషన్ మాటే రాకూడదు."

"ఆయ్, అలాగేనండి."

"డ్రమ్ము కడిగెయ్. పొద్దున్న ఆరింటికల్లా సత్యవతిని దాని మీద పెట్టు. లోడు వెళ్ళాలి."

ఈసారి 'ఆయ్' వెంటనే రాలేదు నాకు. ఆయన నా చెంప మీద ఒక్కటిచ్చారు. గట్టిగా కాదు, గుర్తుండేలా. అప్పుడు వచ్చింది. "ఆయ్ అండీ" అన్నాను.

వాచ్‌మన్ కూడా ఆటోలోనే వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఇళ్ళకి పోయారు. నేనొక్కణ్ణే.

కడగడానికి ముందు ఫ్యూజులు మూడూ పీకి ప్యాంటు జేబులో వేసుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. మూడూ. నా జేబులో. గొట్టంతో నీళ్ళు కొట్టాను. మేకుల మధ్యనుంచి ఏమేం వచ్చాయో చెప్పను, మీరు అన్నం తినాలి. ఒక మేకుకి అన్నయ్య పెళ్ళి ఉంగరం తగులుకుని ఉంది. రేకులా చదునైపోయింది. తీసి ఇంకో జేబులో వేసుకున్నాను.

ఆఫీసు గదికి లైను వేరు. బల్బు వెలుగుతోంది. తువ్వాలు మెళ్ళో వేసుకుని కూర్చుని పుస్తకం తెరిచాను. ఆరో వరుస. నీలం రంగు ముద్ర నన్నే చూస్తూ ఉంది. పేరు రాశాను. సుందర్రావు. కుడి చెయ్యి. ఎలా జరిగింది... 'సొంత అజాగ్రత్త వల్ల' పక్కన 'లారీ మీంచి జారి పడ్డాడు' అని చేర్చాను. బాగానే వచ్చింది అక్షరం. చుక్క పెట్టాను.

గర్ర్...

పెన్ను ఆగిపోయింది. కాలవలో కప్పలు అరుస్తున్నాయి. వాటి చప్పుడే అనుకున్నాను... అనుకోవాలనుకున్నాను.

గర్ర్... గర్ర్...

జేబు తడిమాను. ఒకటి... రెండు... మూడు. ఫ్యూజులు ఉన్నాయి.

టార్చి తీసుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళావురా అంటే చెప్పలేను. షెడ్డులో తడి పీచు వాసన. దాని కింద ఇంకో వాసన. టార్చి ముందు మోటారు మీద వేశాను. మోటారు కదలడం లేదు. చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. బెల్టు మీద వేశాను. బెల్టు జారి కింద పడి ఉంది. కడిగేటప్పుడు నేనే తప్పించాను.

తర్వాత డ్రమ్ము మీద వేశాను.

తిరుగుతోంది. మెల్లగా. ఒక్కో మేకూ వెలుగులోకి వచ్చి... ఆగి... కిందికి వెళుతోంది. వరస వెనక వరస. నోటి దగ్గర మిగిలిన డొక్క ఒకటి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది దానంతట అది జరిగింది. బెత్తెడు... ఇంకో బెత్తెడు. మేకులు అందుకున్నాయి. చీల్చేశాయి. అవతల ఎవరూ లేరు పట్టుకోవడానికి. పీచు నేల మీద పడింది.

నేను వంగి చూశాను. అదే నేను చేసిన తప్పు. తువ్వాలు చివర ముందుకి వేలాడింది.

ఒక్క లాగు. అంతే. మెడ మీద తాడు బిగించినట్టయింది. మొహం వెళ్ళి ఇనప అంచుకి కొట్టుకుంది. పన్ను విరిగిన చప్పుడు నా తలలోపల వినపడింది. కుడి చెయ్యి అంచుకి ఆనించి వెనక్కి తోస్తున్నాను. చెయ్యి జారుతోంది. నీళ్ళో, రక్తమో, ఎవరి రక్తమో. వేళ్ళకి మేకుల మొనలు తగులుతున్నాయి. చూపుడువేలు గోరు ఊడిపోయింది. అరుద్దామంటే గొంతు తువ్వాల్లో ఉంది. డ్రమ్ము మాత్రం తొందరపడలేదు. దానికి చాలా టైముంది అన్నట్టు... ఒక్కో మేకూ... ఒక్కో మేకూ.

తువ్వాలు పాతది కాబట్టి చిరిగింది. కొత్తదైతే ఈ కథ మీకు వేరేవాళ్ళు చెప్పేవారు.

వెల్లకిలా పడ్డాను. పాక్కుంటూ ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టాను. వెనక గర్ర్... గర్ర్... ఆగలేదు.

పుస్తకం తెరిచే ఉంది. ఆరో వరుస నేను రాసినట్టే ఉంది. దాని కింద...

ఏడో వరుస నిండి ఉంది.

సత్యవతి. కుడి చెయ్యి. మోచేతి పైదాకా. తేదీ రేపటిది. ఉదయం ఆరూ పది. 'సొంత అజాగ్రత్త వల్ల.' దాని పక్కన 'లారీ మీంచి జారి పడింది.'

అక్షరాలు నావి. ముత్యాల్లా ఉన్నాయి. 'స' కింద నేను పెట్టే వంపు కూడా ఉంది. వేలితో ముట్టుకుంటే సిరా అంటుకుంది. ఇంకా ఆరలేదు.

నేను రాయలేదు. నేను రాశానా... రాయలేదు. ఇప్పటికీ ఇక్కడికొచ్చేసరికి నా నోరు తడబడుతుంది.

పెన్ను తీసుకున్నాను. రెండు వరుసల మీదా అడ్డంగా గీత కొట్టాను. కాగితం చిరిగేంత గట్టిగా. కింద రాయడం మొదలుపెట్టాను. వేలికి గోరు లేదు, పెన్ను పట్టుకుంటే ప్రాణం పోతోంది. నా జన్మలో అంత వంకరగా ఎప్పుడూ రాయలేదు.

'సుందర్రావు చెయ్యి మిషన్లో పడింది. లారీ లేదు. మిషన్‌కి జాలీ లేదు.'

గర్ర్... గర్ర్...

'జాలీ తీసి ఏడాది అయింది. మేనేజరు గారు తియ్యమన్నారు.'

గర్ర్...

అక్కడ ఆపేద్దామనుకున్నాను. నిజం రాసేశాను కదా, ఇంకేం కావాలి. చప్పుడు తలుపు దాకా వచ్చినట్టుంది. గడియ సన్నగా వణుకుతోంది. టేబుల్ మీద గాజు గ్లాసు వణుకుతోంది.

'బోల్టులు విప్పింది నేను. రాజబాబు.'

ఆగిపోయింది.

మెల్లగా తగ్గుతూ ఆగలేదు. ఠక్కున. డ్రమ్ము ఎప్పుడూ అలా ఆగదు. కప్పలు కూడా మానేశాయి. తెల్లారేదాకా నేను ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, గోడకి వీపు ఆనించి కూర్చున్నాను.

ఆరింటికి సత్యవతక్క వచ్చింది. మొహం చూసి ఏమైందని అడిగింది. నేను ఫ్యూజులు చేతిలో పట్టుకుని గేటుకి అడ్డంగా నిలబడ్డాను. "ఇవాళ మిషన్ లేదక్కా, ఇంటికి పో" అన్నాను. ఎనిమిదింటికి మేనేజరు గారు వచ్చి పుస్తకం అడిగారు. ఇవ్వలేదు. చేతులతో పుస్తకం పట్టుకోడానికి వీల్లేనంతగా కొట్టారు. పక్కటెముక ఒకటి చిట్లింది. పుస్తకం మీద బోర్లా పడుకున్నాను. ఇన్‌స్పెక్టరు గారి జీపు వచ్చేదాకా లేవలేదు.

ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివారు. మిషన్‌కి సీలు వేయించారు. పుస్తకం ఆయనతో తీసుకెళ్ళిపోయారు. అందుకే మీకు ఏడో వరుస చూపించలేను. సుందర్రావన్నయ్య బతికాడు. ఉంగరం ఆయన చేతికే ఇచ్చాను, ఎడమ చేతికి.

డ్రమ్ములో తడి డొక్క ఒక పక్కకి చేరితే ఆ బరువుకి అదే కాసేపు తిరుగుతుందని ఒక ఎలక్ట్రీషియన్ చెప్పాడు. అంతసేపు తిరుగుతుందా అంటే తల గోక్కున్నాడు. ఏడో వరుస నువ్వే రాసి ఉంటావు, షాకులో ఉన్నావు అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. అయ్యుండొచ్చు. అప్పుడు ఆరూ పది అని నా చెయ్యి ఎందుకు రాసింది... నాకు తెలీదు. ఎన్నోసార్లు ఆలోచించాను. తెలీదు.

నెల తర్వాత సత్యవతక్క ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చీపురు పుల్లలు చీలుస్తోంది, రెండు చేతులతో. అంతా చెప్పాను. ఫ్యూజులు జేబులో ఉండటం, బెల్టు కింద ఉండటం, అయినా అది తిరగడం. విరిగిన పన్ను చూపించాను. ఆవిడ భయపడుతుందనుకున్నాను, చర్చికెళ్ళే మనిషి కదా, కనీసం శిలువ గుర్తు వేసుకుంటుందనుకున్నాను.

ఆవిడ పుల్ల చీల్చడం ఆపలేదు.

"కరెంటు లేకుండా ఒక్క రాత్రి తిరిగితే అంత వణికిపోయేవు," అంది. "కరెంటుతో ఏడాదిపాటు తిరిగింది, దాని ముందు మేం నిలబడ్డాం. అప్పుడు నీకు భయం వెయ్యలేదేం తమ్ముడూ?"