పడ్డ నెల, నిండిన నెల

పదవీ విరమణకు ఏడాది ముందు, జూన్ మొదటి సోమవారం, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల సర్వేకు నన్ను పర్యవేక్షకుడిగా వేశారు. నేను ఆరోగ్య ఆర్థికవేత్తను. ఏ జబ్బు ఏ ఇంటిని ఎక్కువగా పట్టుకుంటుంది, ఎందుకు అని తేల్చడం మా పని. ఈసారి విషయం నెలలు నిండని కాన్పులు. ముప్పై ఏడు వారాలు నిండకముందే బిడ్డ పుడితే అలా నమోదు చేస్తారు.

సెప్టెంబరులో పట్టికలు వచ్చాయి. భూములున్న రైతు కుటుంబాల్లో ఇలాంటి కాన్పులు ఎక్కువ, కూలి కుటుంబాల్లో తక్కువ అని తేలింది. ఆశా కార్యకర్త వారం వారం ఇంటికొచ్చి పసిబిడ్డలను తూచే కార్యక్రమం ఏ వాడల్లో కొనసాగాలో మా నివేదికను బట్టే నిర్ణయిస్తారు. అది అలాగే వెళితే కూలీల వాడలు జాబితాలోంచి పోతాయి.

అనుమానమొచ్చి నా జులై డైరీ తీసి చూశాను. "మొయినాబాద్ దగ్గర బాలమ్మ ఇల్లు. మనవరాలు మరీ చిన్నది. ఫారంలో తొమ్మిది నెలలని ఉంది" అని రాసుకున్నాను. మర్నాడు ఉదయమే వెళ్లాను. కోడలు బిడ్డను రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టుకుని కూర్చుంది. అత్త బాలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అవ్వా, కాన్పు ఎన్ని నెలలకైంది?"

"అప్పుడే చెప్పిన గద సారూ. తొమ్మిది పడ్డ నాలుగు దినాలకు."

"తొమ్మిది నిండినట్టేనా మరి?"

ఆమె పకపకా నవ్వింది. "గింత చదివి గిదేం అడుగుడు? నువ్వు నౌకరీ ఎప్పుడు దిగుతవు?"

"వచ్చే ఏడాది, అరవై నిండాక."

"మరి అరవై పడంగనే దిగిపో! పడుడు వేరు, నిండుడు వేరు. పిల్ల నిండక ముందే వచ్చింది, అందుకే గిట్లున్నది."

అంటే ఎనిమిది నెలలు నిండి నాలుగు రోజులు. వారాల్లో ముప్పై అయిదు. రైతు ఇళ్లలో స్కానింగ్ కాగితాలుండటంతో మావాళ్లు వారాలు చూసి ఎక్కించారు. కాగితాల్లేని ఇళ్లలో నోటిమాట విని, పడ్డ నెలను కూడా నిండిన నెలగా రాశారు. రెండు రకాల ఇళ్లను రెండు కొలతలతో కొలిచామన్నమాట.

డైరెక్టర్ మేడంకు చెబితే ముందు విసుక్కున్నారు, తర్వాత మూడు వారాల గడువు ఇచ్చారు. సర్వే బృందం పెద్ద శ్రీధర్, "మళ్ల అన్ని ఇండ్లా సార్? ఈసారి కుక్కలు కూడా గుర్తుపడ్తయి" అన్నాడు. అయినా తిరిగాడు. నెల తప్పింది బోనాల ముందా, వెనకా, పీర్ల పండుగకు ఎన్నో నెల అని అడిగి, పంచాంగంతో సరిచూసి వారాలు కట్టాం. పట్టిక తిరగబడింది. నెలలు నిండని కాన్పులు కూలి ఇళ్లలోనే ఎక్కువ. కూలీల వాడలు జాబితాలో నిలిచాయి. ఆశా కార్యకర్త బాలమ్మ ఇంటికి వెళుతూనే ఉంది.

జాబితా ఖరారైన శుక్రవారం నా డైరీలో ఒక్క వాక్యమే ఉంది: "బిడ్డ బరువు పెరిగింది."

మేము తప్పు జవాబు వినలేదు, సగం ప్రశ్న అడిగాం. ఆ తర్వాత నేను తయారుచేసిన ప్రతి ఫారంలోనూ "ఎన్ని నెలలు?" అన్న గడి పక్కన ఇంకో గడి పెట్టాను: "పడ్డాయా, నిండాయా?"