ఆగని మూడో గంట

"పొట్టిగా ఒక్కసారి మోగిందా, ఆపెయ్యాలి. పొడుగు, పొట్టి: దింపాలి. పొడుగు, పొడుగు, పొట్టి: పైకి లాగాలి. ఏ సైగా ఇంకోదానికి మొదలు కాకూడదమ్మాయ్. అయిపోయిందా, ఇంకా ఉందా అని మనం తేల్చుకునేలోపు కింద మనిషి ఏమవుతాడు?"

పెద్దాయన గనిలో ముప్ఫై ఏళ్ళు లిఫ్టు నడిపాడు. ఆ సైగల పట్టిక ఆయన కట్టిందే. గనిలో గంట తీగలు మార్చడానికొచ్చిన మెకానిక్, ఆ సంగతి కనుక్కుందామని ఇంటికి వచ్చింది. గుమ్మం పక్కన కాలింగ్ బెల్ ఉండాల్సినచోట రెండు తీగలు ఉత్తినే వేలాడుతున్నాయి.

"మూడూ పొడుగే వస్తేనో, బాబాయ్?"

టీ గ్లాసులతో వస్తున్న ఆయన చెల్లెలు గుమ్మంలోనే ఆగింది. "అడగాల్సిందే అడిగావు తల్లీ. ఇవాళ ఇక అన్నయ్యకి అన్నం సయించదు."

"నీకు సయిస్తుందా?"

పెద్దాయన మెకానిక్ వైపు తిరిగాడు.

"దానికి అర్థం పెట్టలేదమ్మా. ముందు ముందు దేనికైనా పనికొస్తుందని ఖాళీగా వదిలా. పదకొండేళ్ళ కిందట మా బావ దిగాడు, దీని మొగుడు. పొడుగు మోగింది. మళ్ళీ పొడుగు. మూడోది ఎంతకీ ఆగలేదు. చెమ్మకి కింద గంట మీట ఇరుక్కోవడం మామూలే. ఊడిరాగానే మళ్ళీ కొడతాడులే అని కూర్చున్నా. కింద గాలి చెడింది. పైకి లాగమని మూడోది పొట్టిగానే కొట్టబోయాడు, వేలు తీసే ఓపిక లేక మీట మీదే వాలిపోయాడు."

చెబుతున్నంతసేపూ ఆయన కుడిచెయ్యి గాల్లో దేన్నో తనవైపు లాక్కుంటూనే ఉంది. చెల్లెలు వచ్చి ఆ గుప్పిట విప్పి, టీ గ్లాసు పెట్టింది. రోజూ చేసే పనిలాగే చేసింది.

"తర్వాతైనా పట్టికలో ఎక్కించలేదా?" మెకానిక్ గొంతు తగ్గించింది.

"ఎక్కిస్తే ఎందుకని అడుగుతారుగా. నోరు పెగల్లేదు. అందరూ మీట చెడిందనే అనుకున్నారు. ఇప్పుడు సోమవారం నుంచి మేనల్లుడు అదే లిఫ్టులో దిగుతున్నాడు. వాణ్ణి తలుచుకుంటే చాలు, చెవిలో ఆ మోత మొదలవుతోంది."

"వాడికి నేను చెప్తాలే. వాళ్ళ నాన్న సంగతి, నా నోటితోనే," అంది చెల్లెలు, గోడవైపు చూస్తూ.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు బయల్దేరమ్మాయ్. పట్టిక అడుగున నాలుగో వరుస రాయి. మూడు పొడుగులు: పైకి లాగాలి. ఇక ఏ మోతా ఊరికే పోకూడదు. లిఫ్టు నడిపేవాడికి చదివి వినిపించు. ఎవరు రాయమన్నారంటే నా పేరు చెప్పు. ఎందుకంటే, అదీ చెప్పు."