నీడ లేని నిమిషం

రాధారాణి టీచరు ముప్ఫై రెండేళ్ల సర్వీసులో పిల్లలకు చెప్పిన అబద్ధం ఒకటే. ఒకటే అయినా ఏడాదికోసారి చెప్పింది, అదీ క్లాసు క్లాసంతా వింటుండగా.

రేపల్లెలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మొదలైందది. కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్య ఉన్న ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడనీ, ఆ నిమిషాన నిటారుగా పాతిన కర్రకు నీడే పడదనీ పాఠం చెబుతోంది. ముందు బెంచీలోంచి శ్రావణి అనే పిల్ల లేచి, "మీరు చూశారా టీచర్?" అంది. కొత్త ఉద్యోగం, కొత్త చీర, తనమీదే నిలిచిన నలభై జతల కళ్లు. "ఓ, చూశానుగా!" అనేసింది రాధారాణి. తర్వాత బాపట్లకు బదిలీ అయింది, ఆ తర్వాత తెనాలి దగ్గర కొల్లిపర రోడ్డులో ఉన్న హైస్కూలుకు వచ్చింది. ఊరు మారినా ప్రశ్న మారలేదు. ఏటా ఏదో ఒక పిల్ల అడిగేది, ఈమె అదే జవాబు చెప్పేది. చెప్పిన రోజు అన్నం సహించేది కాదు.

చూడాలని ప్రయత్నించలేదా అంటే, పాపం, బోలెడు ప్రయత్నించింది. కాకపోతే తప్పు రోజున ప్రయత్నించింది. జూన్ ఇరవై ఒకటిన సూర్యుడు కర్కట రేఖ మీద నిలుస్తాడని పుస్తకంలో ఉంటుంది. అన్ని ఊళ్లకూ అదే రోజు కాబోలనుకుని ఏటా ఆ మధ్యాహ్నం స్కేలు పట్టుకుని గ్రౌండులో నిలబడేది. బెత్తెడు నీడ దక్షిణం వైపు మొండిగా పడి ఉండేది. స్కేలు వంకరనుకుంది. నేల ఎగుడుదిగుడనుకుంది. కర్కట రేఖ ఎక్కడో పైన భోపాల్ దాపుల్లో ఉంది. సూర్యుడు అక్కడికి పోతూ మే మొదట్లో ఒకసారి, దక్షిణాయనంలో తిరిగొస్తూ ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి మన నెత్తి మీదుగా దాటతాడు. ఈ సంగతి నాలుగేళ్ల కిందట ఒక సైన్స్ ఫెయిర్లో ఎవరో పిల్లలు గీసిన చార్టు చూసేదాకా ఆమెకు తట్టలేదు. సైన్సు టీచరు అయ్యుండి!

మేలో సెలవులు. మేడెక్కి ఒక్కతే చూసుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ అబద్ధం పిల్లల ముందు చెప్పింది కాబట్టి నిజం కూడా పిల్లల మధ్యే చూడాలని ఆమె పట్టు. ఆగస్టులో బడీ ఉంటుంది, మబ్బూ ఉంటుంది. మూడు ఆగస్టులు మబ్బుకే పోయాయి. ఇది నాలుగోది, ఆఖరిది కూడా. నెలాఖరుకు రిటైర్మెంటు.

ఆ రోజు ఏడో తరగతి పిల్లలు గ్రౌండులో మీటరు కర్ర పాతారు. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో చూశారు. పన్నెండయింది. "ఇంకా కాలేదర్రా, కాసేపాగండి" అంది రాధారాణి. "మన గడియారాలన్నీ కాకినాడ మీదుగా పోయే రేఖను బట్టి పెట్టుకున్నవి. మనం దానికి పడమర ఉన్నాం. సూర్యుడు మన దగ్గరికి ఆలస్యంగా వస్తాడు. ఈ రోజుల్లో అయితే పన్నెండూ పదమూడుకి."

నీడ అంగుళమైంది. అర అంగుళమైంది. పన్నెండూ పదికి కృష్ణానది వైపునుంచి మబ్బొకటి వచ్చి సూర్యుణ్ణి కప్పేసింది. పన్నెండున్నర దాకా కదల్లేదు.

"పోనీలెండి టీచర్," అంది రిబ్కా. క్లాసులో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు వేసే పిల్ల. "మీరు చూశారుగా. ఎలా ఉంటదో చెప్పండి, మేం వింటాం."

చెప్పడానికే నోరు తెరిచింది. "నేను చూళ్లేదమ్మా" అంది చివరికి. "ఎప్పుడూ చూళ్లేదు. అందరికీ అబద్ధం చెప్పాను."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. "మరి శనిగ్రహం చుట్టూ వలయాలు?" అని వెనక నుంచి ఎవరో అడిగితే అందరూ గొల్లుమన్నారు. రిబ్కా మాత్రం నవ్వలేదు. అదే రాధారాణిని ఎక్కువ బాధపెట్టింది.

ఇంటికెళ్లి ఆమె లెక్క వేసింది. సూర్యుడు రోజురోజుకీ దక్షిణానికి జరుగుతున్నాడు. ఈ రోజు తెనాలి నెత్తి మీద ఉన్నవాడు రేపు బాపట్ల నెత్తి మీద ఉంటాడు. పట్టు సంగతి పక్కనపెట్టి, లెక్కల మేష్టారు వినోద్ కుమార్‌కు ఫోన్ చేసి, రేపు సీఎల్ అనీ, ఎందుకో కూడా చెప్పింది. మర్నాడు కిటికీ కర్టెన్ రాడ్డు ఊడదీసుకుని రైలెక్కింది. బాపట్లలో దిగి ఆటోలో సూర్యలంక బీచి చేరేసరికి పదకొండున్నర. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

తడి ఇసకలో రాడ్డు నిటారుగా దిగేసి కూర్చుంది. గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకామె ఆగి, "ఏంటమ్మా, ఏదన్నా పోయిందా?" అని అడిగింది.

"ఇంకా పోలేదమ్మా. పోతుందనే చూస్తున్నా" అంది రాధారాణి. గంప మోస్తున్న ఆమె జాలిగా చూసి వెళ్లిపోయింది.

పన్నెండూ పదమూడుకి నీడ రాడ్డు మొదట్లోకి ముడుచుకుని మాయమైంది. చుట్టూ ఎండ, మధ్యలో రాడ్డు, ఇసక మీద గీతంత నలుపు లేదు. ఆమె లేచి కాళ్ల వైపు చూసుకుంది, తన నీడ కూడా పాదాల చుట్టే ముడుచుకుంది. ఎంత బాగుందో! పక్కకు తిరిగి "చూశారర్రా?" అనబోయింది. పక్కన ఎవరున్నారు గనక. అప్పుడే ఫోన్ మోగింది. వినోద్ కుమార్ నంబరు, రిబ్కా గొంతు.

"టీచర్, ఇక్కడ ఎండ కాస్తంది! కర్ర మళ్లీ పాతాం. గోరంత నీడ ఉంది, ఉత్తరం వైపు. ఆరు మిల్లీమీటర్లు. మీకెంతుంది?"

"ఏం లేదమ్మా."

"అస్సలా?"

"అస్సలు."

అవతల కేకలు. "ఒకటే సూర్యుడు, రెండు కర్రలూ నిటారే కదా టీచర్! అయినా మాకుంది, మీకు లేదు. అంటే మధ్యలో భూమి వంగిందనేగా? సార్ అప్పుడే లెక్క కడతన్నారు."

ఈ లెక్క ఆమె ఏటా బోర్డు మీద చెప్పిందే. రెండు ఊళ్ల నీడలతో భూమి చుట్టుకొలత. ఒక్క ఏడాదైనా ఎవరూ నిజంగా కొలిచి చూడలేదు. ముప్ఫై రెండేళ్లు కోరుకున్న నిమిషం కళ్లెదుటే ఉంది. ఆమె మనసు మాత్రం తెనాలిలో ఆ గోరంత నీడ చుట్టూ వంగిన తలకాయల మధ్యే ఉంది. అక్కడ ఉండాల్సింది, అక్కడే ఉండాల్సింది అనుకుంది. కళ్లు తుడుచుకుంది.

"ఉంటాను టీచర్, సార్ ఫోన్ అడుగుతున్నారు."

"పెట్టెయ్యకమ్మా," అంది రాధారాణి. "ఇంకాసేపు, నీడ ఎటు జరుగుతుందో నాకు చెబుతూ ఉండు."