నిద్రజబ్బు పరీక్షకు టిష్యూ ప్యాకెట్ కాపలా

ఆఫ్రికాలో ఒక రకం ఈగ కుడితే తప్ప రాని జబ్బును, ఆ ఈగ మొహమైనా ఎరగని సింగపూర్‌లో, ఒక్క మధ్యాహ్నంలో మా ల్యాబ్ మొత్తానికీ అంటగట్టిన ఘనత నాది. మా మేడమ్‌ను కూడా వదల్లేదు. ఎలాగో చెబుతాను, వినండి. నవ్వుకున్నా నేనేమీ అనుకోను. మొదట్లో అనుకునేదాన్ని గానీ ఇప్పుడు అలవాటైపోయింది.

అప్పుడు నేను సింగపూర్‌లోనే క్లెమెంటి అనే పేటలో ఒక తెలుగు ఆంటీ ఇంట్లో గది అద్దెకు తీసుకుని, దగ్గర్లోని ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నిద్రజబ్బును పట్టుకునే రెండు రక్తపరీక్షల్లో ఏది మేలో తేల్చడం మా పని. ఒకటి కార్డు పరీక్ష. కార్డు మీద రక్తపు చుక్కలో నీలం మందు కలిపి మెషిన్ మీద తిప్పితే, జబ్బున్నవాళ్ళ రక్తంలో మందు పలుకులు కడుతుంది. దానికి ఫ్రిజ్ కావాలి, కరెంటు కావాలి. రెండోది పట్టీ పరీక్ష. పట్టీ మీద రక్తం, కాస్త మందు వేసి పావుగంట ఆగి చూడాలి. ఒక గీత వస్తే జబ్బు లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. దానికి ఫ్రిజ్జూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు.

వీటిని ఆఫ్రికా పల్లెలకు తీసుకెళ్ళే బృందంలో మా ల్యాబ్‌కు ఒకే సీటు. పోటీలో ఉన్నది నేనూ, నా జూనియర్ కరీంనగర్ శ్రీకాంతూ. సీటు నాదేనని నాకు తెలుసు. మేడమ్‌కే ఇంకా తెలియదు. ఆలూ లేదు, చూలూ లేదు, నేను మాత్రం ఎండకు టోపీ కొనేశాను.

మేడమ్ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మాట పొదుపు, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే 'లా' మాత్రం వదలరు. "ఏసీలో కాదు, బయట చేసి చూపించు. పల్లెలో ఎలా ఉంటుందో అలా. మన రక్తాలే తీసుకో. మనలో ఎవరికీ జబ్బు లేదు, అందరికీ లేదనే రావాలి. బాగా చేస్తే నువ్వే వెళ్ళు లా," అన్నారు.

బిల్డింగ్ వెనక వరండాలో బల్ల వేయించాను. అందరి వేళ్ళూ పొడిచాను. మెషిన్ లేదు కాబట్టి కార్డును చేత్తోనే అటూ ఇటూ ఒంచి తిప్పాను. అందరికీ జబ్బు లేదనే వచ్చింది. తర్వాత పట్టీల మీద చుక్కలు వేసి వరసగా పేర్చాను. ఇక పావుగంట ఆగాలి. ఆకలి మాత్రం ఆగేలా లేదు. ఆంటీ ఇచ్చిన క్యారేజీలో గోంగూర పప్పు, పెరుగన్నం ఉన్నాయి.

"టైమర్ పెట్టినవా అక్కా?" అని శ్రీకాంత్ అడిగాడు.

"పావుగంటకి టైమర్ ఎందుకురా? నేను అన్నం తినడానికి సరిగ్గా అంతే పడుద్ది."

"మరి ఇక్కడ ఎవరుంటరు?"

నేను బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి పట్టీల పక్కన పెట్టాను. సింగపూర్‌లో హాకర్ సెంటర్లనే తిండి అంగళ్ళలో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ బల్ల ఇక మనదే. ఎంత రద్దీ అయినా ఇంకొకరు కూర్చోరు. దాన్ని చోప్ చేయడం అంటారు.

"చోప్ చేశాను. ఇక దీన్ని ముట్టుకునే మగాడు ఈ ఊళ్ళో పుట్టలేదు," అన్నాను.

నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. కానీ కాలానికి టిష్యూ ప్యాకెట్ అంటే లెక్కలేదని నాకప్పటికి తెలియదు.

బల్ల దగ్గరే స్తంభానికి ఆనుకుని తిన్నాను. పెరుగన్నం మహిమ తెలుసుగా, అలా కళ్ళు మూశానంతే. తెరిచి చూస్తే ప్రతి పట్టీ మీదా రెండేసి గీతలు. రెండోది పలచగా ఉంది గానీ, ఉంది. ఇంకొకరైతే కంగారుపడేవారు. నాకు మాత్రం పండగలా అనిపించింది. ఎవరూ కనిపెట్టనిది కనిపెట్టేశాననుకున్నాను. అక్కడికక్కడే ఫోన్లోంచి బృందమంతటికీ మెయిల్ కొట్టాను: పట్టీ పరీక్ష పనికిరాదు, కార్డే దిక్కు. ఆ తర్వాత పట్టీలు ట్రేలో పెట్టుకుని, శ్రీకాంత్‌ను వెంటేసుకుని మేడమ్ గదికి ఊరేగాను.

"మీకు నిద్రజబ్బు ఉందంటోంది మేడమ్."

"నాకా?"

"అందరికీ. అంటే పరీక్షే తప్పు."

ఆవిడ పట్టీని వెలుతురుకు పట్టి చూశారు. "ఎప్పుడు చూశావు?"

"అన్నం తినగానే."

వెనక నుంచి శ్రీకాంత్ నసిగాడు. "తిన్నంక పండుకున్నవ్ గదా అక్కా. లేపుదామనే వచ్చిన. గురక చూసి పాపమనిపించింది." చెప్పి ఊరుకోక ఫోన్ తీశాడు. ఫోటోలో ముందు పట్టీలు, పక్కన టిష్యూ ప్యాకెట్, వెనక స్తంభానికి తల వాల్చి, నోరు బార్లా తెరిచి నేను.

"టైము దాటితే పట్టీ ఎండిపోయి ఉత్తుత్తి గీత వస్తుంది. ఈ ఎండలో ఇంకా తొందరగా," అన్నారు మేడమ్. "పరీక్ష బాగానే ఉంది లా. శ్రీకాంత్ వెళ్తాడు."

అక్కడే ఏడుపొచ్చేసింది. మేడమ్ మాత్రం ఆ ఫోటో వంకే చూస్తున్నారు. "పల్లెల్లోనూ ఇదే జరుగుతుంది. జనం వరసలో ఉంటారు, పని ఒత్తిడిలో ఆలస్యంగా చూస్తారు. ఈ ఫోటో వాడుకోనా?" అని అడిగారు. సీటే పోయాక ఫోటోకు సిగ్గేమిటని సరేనన్నాను.

కొన్ని నెలలకు శ్రీకాంత్ అక్కడి నుంచి వీడియో కాల్ చేశాడు. మట్టిగోడల ఆరోగ్య కేంద్రంలో, గోడకు ప్లాస్టిక్ తొడిగిన పెద్ద బొమ్మ. అందులో నేనే. నా మీద ఎర్రటి ఇంటూ మార్కు.

"ఇక్కడ నిన్ను గుర్తుపట్టనోళ్ళు లేరక్కా. ఊరూరా పెట్టిన్రు. పొద్దుగాల్నే నీ మొహం చూసి టైమర్ పెట్టుకుంటున్నరు."

అలా ఆఫ్రికాకు నేను వెళ్ళలేదు, నా గురక వెళ్ళింది. అందుచేత, సకల రక్తపరీక్షల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పట్టీ మీద గీత చూసేదాకా పెరుగన్నం ముట్టను. ఒకవేళ ముట్టి, నిద్రే వస్తే, నోరు మూసుకుని నిద్రపోతాను.